కంట్రోల్+కె నొక్కితే ఎవరు పలుకుతారు?

మా అక్క కొడుకు ఇంజనీరింగ్ మూడో ఏడు. మధురవాడలో రూమ్ తీసుకుని చదువుకుంటున్నాడు. ప్రాజెక్ట్ రివ్యూకి ముందు రోజు రాత్రి ఫోన్ చేశాడు. "మావయ్యా, నా వీఎస్ కోడ్ పాడైపోయింది. తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, అయినా అలాగే ఉంది" అన్నాడు. వీఎస్ కోడ్ అంటే ప్రోగ్రామ్‌లు రాసుకునే ఎడిటర్. గొంతులోనే టెన్షన్ తెలిసిపోతోంది. ల్యాప్‌టాప్ పట్టుకుని ఎంవీపీ కాలనీకి వచ్చేయమన్నాను.

వచ్చాక చేసి చూపించాడు. నాలుగు లైన్లు సెలెక్ట్ చేసి, వాటిని కామెంట్‌గా (కంప్యూటర్ నడపకుండా వదిలేసే వ్యాఖ్యగా) మార్చడానికి కంట్రోల్+కె, వెంటనే కంట్రోల్+సి నొక్కాడు. లైన్లు కామెంట్ అవలేదు. కింద టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీలో, ఉన్న ఎర్రర్ మెసేజ్‌లు మాత్రం మొత్తం తుడిచిపెట్టుకుపోయాయి. పోనీ షార్ట్‌కట్ల జాబితా చూద్దామని కంట్రోల్+కె, కంట్రోల్+ఎస్ నొక్కాడు. జాబితా రాలేదు. టెర్మినల్ మళ్లీ ఖాళీ అయింది, ఫైల్ సేవ్ అయింది.

"ఈ మధ్య షార్ట్‌కట్లు ఏమైనా మార్చావా?" అని అడిగాను.

"ఒక్కటే మావయ్యా."

వాళ్ల సీనియర్ మ్యాక్‌లో కమాండ్+కె నొక్కగానే టెర్మినల్ ఖాళీ అవడం చూశాడట. ముచ్చటేసింది. తన విండోస్ ల్యాప్‌టాప్‌లో ఆ పనికి ఏ కీ కేటాయించి లేదు. అందుకని కంట్రోల్+కె పెట్టుకున్నాడు. ఆ మార్పు యూజర్ ఫోల్డర్‌లోని కీబైండింగ్స్ ఫైల్‌లో చేరింది. ప్రోగ్రామ్‌ని తీసేసి మళ్లీ వేసినా ఆ ఫోల్డర్ మామూలుగా అలాగే ఉంటుంది. అందుకే కొత్తగా ఇన్‌స్టాల్ చేసినా జబ్బు తగ్గలేదు.

ఆ ఒక్క మార్పు ఎందుకు అంత గొడవ చేసిందో అర్థమైతే షార్ట్‌కట్ల వ్యవహారం చాలావరకు అర్థమైనట్టే. ఈ కీకి ఈ పని అని ఒకసారి రాసేసుకుంటే అయిపోతుందని మనం అనుకుంటాం. కానీ ఎడిటర్‌కి పట్టికలో వెతికితే సరిపోదు. కీ నొక్కిన ప్రతిసారీ అది చూసుకోవలసినవి చాలా ఉంటాయి. కర్సర్ ఇప్పుడు ఎక్కడ ఉంది? తెర మీద ఏ పెట్టె తెరిచి ఉంది? ఈ కీ కోసం ఎవరెవరు కాచుకుని ఉన్నారు? వాళ్లలో ఎవరికివ్వాలి?

ముందు కంట్రోల్+కె సంగతి. వీఎస్ కోడ్‌లో కమాండ్లు వందల్లో ఉన్నాయి. కంట్రోల్‌తో కలిపి నొక్కడానికి వీలైన అక్షరాలు 26. షిఫ్ట్, ఆల్ట్ కలిపినా చేతికి హాయిగా అందే కలయికలు తొందరగానే అయిపోతాయి. అందుకని రెండంచెల షార్ట్‌కట్లు పెట్టారు. మొదటి నొక్కు తలుపు తెరుస్తుంది, రెండోది లోపల ఏ గదిలోకి వెళ్లాలో చెబుతుంది. వీఎస్ కోడ్‌లో అలాంటి ముఖ్యమైన తలుపు కంట్రోల్+కె. అది నొక్కి ఆగితే, రెండో కీ కోసం ఎదురుచూస్తున్నానని కింది పట్టీలో రాసి చూపిస్తుంది. కామెంట్ చేయడానికి, కామెంట్ తీయడానికి, సెలెక్ట్ చేసిన భాగాన్ని ఫార్మాట్ చేయడానికి, షార్ట్‌కట్ల జాబితా తెరవడానికి దారి ఇదే. మావాడు ఆ తలుపునే ఒక పనికి పూర్తిగా రాసిచ్చేశాడు. కంట్రోల్+కె నొక్కగానే పని అయిపోయింది కాబట్టి రెండో కీ కోసం ఎదురుచూడాల్సిన అవసరం ఎడిటర్‌కి లేదు. తర్వాత నొక్కిన కంట్రోల్+సి మామూలు కాపీ అయింది, కంట్రోల్+ఎస్ మామూలు సేవ్ అయింది.

మరి మ్యాక్‌లో ఆ సీనియర్‌కి ఈ ఇబ్బంది ఎందుకు రాలేదు? అక్కడా కమాండ్+కె రెండంచెల షార్ట్‌కట్లకు తలుపే. తేడా అంతా ఒక షరతులో ఉంది. మ్యాక్‌లో వీఎస్ కోడ్ వాళ్లు పెట్టిన నియమం, కర్సర్ టెర్మినల్‌లో ఉన్నప్పుడు మాత్రమే కమాండ్+కెతో టెర్మినల్‌ని ఖాళీ చేయమంటుంది. కోడ్ మీద ఉంటే ఆ నియమం నోరెత్తదు. మావాడు కీ పెట్టాడు, పని పెట్టాడు, షరతు పెట్టలేదు. షరతు లేని నియమం అన్నివేళలా చెల్లుతుంది.

ఈ షరతు ఎలాంటిదో విశాఖలో ఉండేవాళ్లకి చెప్పడం తేలిక. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఆటో ఎక్కి "బీచ్‌కి పోనీ" అంటే ఆర్కే బీచ్‌లో దింపుతాడు. అదే మాట ఎండాడలో అంటే రుషికొండ వైపు తిప్పుతాడు. మాట ఒకటే, దిగే చోటు వేరు. ఎక్కడ నిలబడి అన్నామో దాన్ని బట్టి ఆటో అతను అర్థం చేసుకుంటాడు. వీఎస్ కోడ్ నియమాల్లో ఆ "ఎక్కడ నిలబడి" అన్నదే వెన్ అనే భాగం. ఒక్కో నియమంలో కీ, కమాండ్, వెన్ అని మూడు ఉంటాయి. కమాండ్‌కి ఇంకేమైనా వివరం అందించాలంటే ఆర్గ్స్ అని నాలుగోది. వెన్ దగ్గర ఎడిటర్‌లో టెక్స్ట్ మీద ఉంటే, టెర్మినల్‌లో ఉంటే, ఏదైనా సెలెక్ట్ చేసి ఉంటే, డీబగ్ (తప్పులు వెతికే పని) నడుస్తుంటే అని రకరకాల షరతులు రాయవచ్చు. రెండు మూడు షరతులను కలిపీ రాయవచ్చు, "ఇది లేనప్పుడు" అనీ రాయవచ్చు.

మనం రోజూ నొక్కే కీల వెనక ఈ షరతులు ఎంత పని చేస్తున్నాయో ట్యాబ్ కీని చూస్తే తెలుస్తుంది. ఖాళీ లైన్‌లో నొక్కితే లైన్ లోపలికి జరుగుతుంది. సలహాల జాబితా తెరిచి ఉంటే అందులో ఎంచుకున్న పదాన్ని తెచ్చి పెడుతుంది. స్నిపెట్ (ముందే తయారుగా ఉన్న కోడ్ ముక్క) నింపుతూ ఉంటే తర్వాతి ఖాళీలోకి దూకుతుంది. ఈ మధ్య ఏఐ సహాయకులు బూడిద రంగులో చూపించే కోడ్‌ని ఒప్పుకోవడానికీ అదే. కంట్రోల్+ఎం నొక్కితే ట్యాబ్ అసలు అక్షరమే పెట్టదు, తెర మీద ఒక భాగం నుంచి ఇంకో భాగానికి తీసుకెళ్తుంది. మౌస్ వాడలేనివాళ్లకు అది చాలా అవసరం. ఇన్ని పనులకూ కీ ఒక్కటే. ట్యాబ్ నొక్కితే అనుకోని కోడ్ వచ్చి పడిందని విసుక్కునే పిల్లలను చూస్తుంటాను. ఆ క్షణంలో తెర మీద ఏ పెట్టె తెరిచి ఉందో చూసుకుంటే జవాబు అక్కడే దొరుకుతుంది. ఎఫ్5 కూడా అంతే. డీబగ్ మొదలవకముందు నొక్కితే మొదలుపెడుతుంది. మొదలై ఎక్కడైనా ఆగి ఉంటే ముందుకు నడిపిస్తుంది.

ఒకే కీకి, ఒకే సందర్భంలో, రెండు నియమాలు సరిపోతే? వీఎస్ కోడ్ నియమాల జాబితాని కింది నుంచి పైకి చదువుతుంది. కీ, షరతు రెండూ సరిపోయిన మొదటి నియమం దగ్గర ఆగిపోతుంది. ఎడిటర్‌తో పాటు వచ్చే నియమాలు పైన ఉంటాయి. వాటి కింద ఎక్స్‌టెన్షన్లు, అంటే ఎడిటర్‌కి మనం అదనంగా జోడించుకునేవి, తెచ్చినవి. అన్నిటికన్నా అడుగున మన ఫైల్‌లో రాసుకున్నవి. అంటే చివర చెప్పిన మాటే చెల్లుతుంది, ఆ చివరి మాట మనది. మన సొంత ఫైల్‌లోనూ ఇదే లెక్క. ఒకే కీకి రెండు నియమాలు రాస్తే, షరతు లేనిదాన్ని పైన, షరతు ఉన్నదాన్ని కింద పెట్టాలి. తారుమారైతే షరతు లేనిదే ప్రతిసారీ ముందుగా దొరుకుతుంది, రెండో దాని వంతే రాదు. ఒక పాత షార్ట్‌కట్ అసలు వద్దనుకుంటే దాని కమాండ్ పేరు ముందు మైనస్ గుర్తు పెట్టి రాస్తే అది రద్దవుతుంది. ఫైల్‌లో కొత్త కీ రాసినంత మాత్రాన పాత కీ తనంతట తాను పోదు. ఈ సంగతి తెలియక ఒకే పనికి రెండు కీలు మోస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇదంతా నొక్కు ఎడిటర్ దాకా చేరితే. చాలాసార్లు అది దారిలోనే ఇంకొకరి చేతికి పోతుంది.

అపార్ట్‌మెంట్‌కి కొరియర్ వచ్చిందనుకోండి. ముందు గేటు దగ్గర వాచ్‌మన్ చూస్తాడు, తర్వాత ఇంట్లో తలుపు తీసినవాళ్లు, చివరికి మీరు. దారిలో ఎవరైనా తమదే అనుకుని తీసేసుకుంటే మీ దాకా రాదు. కీ నొక్కు ప్రయాణం కూడా అలాంటిదే. మొదటి మజిలీ కీబోర్డే. చాలా ల్యాప్‌టాప్‌లలో ఎఫ్5 లాంటి కీలు పుట్టుకతోనే వెలుతురు, శబ్దం తగ్గించే పనిలో ఉంటాయి. ఎఫ్ఎన్ కీ కలిపి నొక్కితేనే నిజమైన ఎఫ్5 బయటికి వస్తుంది. ఎడిటర్‌లో ఎన్ని మార్పులు చేసినా ఈ సమస్య తీరదు, ఎందుకంటే ఎడిటర్‌కి నొక్కు అందనే లేదు.

రెండో మజిలీ ఆపరేటింగ్ సిస్టమ్, దానితో పాటు వెనక నడిచే డ్రైవర్లు. విండోస్ కీ+ఎల్ నొక్కితే తెర లాక్ అవుతుంది. దాన్ని వేరే పనికి వాడుకునే అవకాశం ఎడిటర్‌కి లేదు. ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్లలో చాలాకాలం కంట్రోల్+ఆల్ట్+కింది బాణం నొక్కితే తెర తలకిందులయ్యేది. విండోస్ వీఎస్ కోడ్‌లో కింది లైన్‌లో ఇంకో కర్సర్ పెట్టడానికి వాడే కీలు కూడా సరిగ్గా అవే. ఆ రెండూ ఉన్న కంప్యూటర్ ముందు కూర్చుని, కర్సర్ కోసం నొక్కి తెర తిరగబడినవాళ్లు ఎంత కంగారు పడి ఉంటారో ఊహించవచ్చు.

మావాడి ప్రాజెక్ట్ పూర్ణా మార్కెట్‌లోని ఒక కిరాణా కొట్టుకి బిల్లింగ్ పేజీ. సరుకుల పేర్లు తెలుగులో, ధరల ముందు ₹ గుర్తు. అందుకని వాడి ల్యాప్‌టాప్‌లో తెలుగు కీబోర్డ్, ఇంగ్లీష్ ఇండియా కీబోర్డ్ రెండూ ఉన్నాయి. తెలుగులో టైప్ చేసే మనందరికీ ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. విండోస్‌లో ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కి వదిలితే భాష మారవచ్చు. ఫైల్ మొత్తాన్ని ఫార్మాట్ చేయడానికి షిఫ్ట్+ఆల్ట్+ఎఫ్ నొక్కబోయి, మనసు మార్చుకుని ఎఫ్ నొక్కకుండా వదిలేశామా, తర్వాత టైప్ చేసే వేరియబుల్ పేరు తెలుగు అక్షరాల్లో పడుతుంది. ఈ భాష మార్చే కీని విండోస్ సెట్టింగ్స్‌లో తీసేయవచ్చు. విండోస్ కీ+స్పేస్‌తో భాష ఎలాగూ మార్చుకోవచ్చు. రెండోది ₹ గుర్తు. ఇంగ్లీష్ ఇండియా లేఅవుట్‌లో అది కుడి ఆల్ట్+4 లేదా కంట్రోల్+ఆల్ట్+4తో వస్తుంది. విండోస్ ఎంతోకాలంగా కుడి ఆల్ట్‌ని కంట్రోల్, ఆల్ట్ రెండూ కలిపి నొక్కినట్టే లెక్కిస్తూ వచ్చింది. కాబట్టి కంట్రోల్+ఆల్ట్‌తో ఒక అంకెనో అక్షరాన్నో కలిపి సొంత షార్ట్‌కట్ పెట్టుకుంటే, ఏదో ఒక గుర్తు టైప్ చేసే దారి మూసుకుపోయే ప్రమాదం ఉంది. ఆ కుటుంబం జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

చివరి మజిలీ టెర్మినల్. అక్కడ లెక్కలు మరీ పాతవి. టెర్మినల్‌లోకి వెళ్లేవి కీలు కావు, సంఖ్యలు. అక్షరాలకు సంఖ్యలు కేటాయించే ఆస్కీ పట్టికలో ఎ అక్షరం 65. కంట్రోల్ కలిపి నొక్కితే అందులోంచి 64 పోయి 1 అవుతుంది. అలాగే ఐ 73, కంట్రోల్+ఐ 9. ట్యాబ్ కీ సంఖ్య కూడా 9. ఎం 77, కంట్రోల్+ఎం 13, అది ఎంటర్. తెరిచే చదరపు బ్రాకెట్ 91, దానితో కంట్రోల్ కలిస్తే 27, అది ఎస్కేప్. పాత పద్ధతి టెర్మినల్‌లో నడిచే విమ్ అనే ఎడిటర్‌కి ట్యాబ్ నొక్కారా, కంట్రోల్+ఐ నొక్కారా అన్నది తెలిసే మార్గమే లేదు. రెండూ 9గానే వస్తాయి. విమ్‌లో కంట్రోల్+ఐ అంటే ముందుకు దూకడం. ట్యాబ్‌కి సొంత పని పెట్టుకున్నవాళ్లకు ఆ దూకుడు మాయమయ్యేది ఇందుకే. కంట్రోల్+సి నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఆపడం, కంట్రోల్+ఎస్ నొక్కితే టెర్మినల్ బిగుసుకుపోయినట్టు ఆగి కంట్రోల్+క్యూతో మళ్లీ కదలడం, ఇవన్నీ ఈ ఎడిటర్లకన్నా ముందు నాటి ఒప్పందాలు.

వీఎస్ కోడ్ తన లోపలే ఒక టెర్మినల్ పెట్టుకుంది కాబట్టి రెండు ప్రపంచాల మధ్య తగవు తీర్చాలి. టెర్మినల్‌లో మనం కొట్టే కమాండ్లను అందుకుని నడిపే ప్రోగ్రామ్‌ని షెల్ అంటారు, బాష్ అలాంటిదే. బాష్‌లో కంట్రోల్+పి అంటే వెనకటి కమాండ్. వీఎస్ కోడ్‌లో అదే ఫైల్ వెతికే పెట్టె. టెర్మినల్‌లో ఉండి నొక్కితే మామూలుగా వీఎస్ కోడ్‌దే పైచేయి అవుతుంది. షెల్‌కి పంపకుండా తనే అందుకోవలసిన కమాండ్ల జాబితా ఒకటి దాని సెట్టింగ్స్‌లో ఉంటుంది, ఈ ఫైల్ వెతికే కమాండ్ అందులో ఉంది. దాని పేరు ముందు మైనస్ పెట్టి అదే సెట్టింగ్‌లో రాస్తే కంట్రోల్+పి షెల్‌కే వెళ్తుంది.

మిగతా ఎడిటర్లు ఇదే చిక్కుని వేరేగా విప్పాయి. 1976లో బిల్ జాయ్ రాసిన వీఐ, దాని వారసుడైన విమ్ సందర్భాన్ని దాచకుండా ముందే తేల్చేస్తాయి. రాసే స్థితి వేరు, తిరిగే స్థితి వేరు. తిరిగే స్థితిలో ప్రతి అక్షరమూ ఒక షార్ట్‌కటే, కంట్రోల్ అక్కర్లేదు. కర్సర్ కదలికకు హెచ్, జె, కె, ఎల్ కీలు వచ్చింది కూడా ఆయన వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో ఆ నాలుగు కీల మీదే బాణం గుర్తులు ఉండటం వల్ల. విమ్‌లో సొంత కీ పెట్టుకునేటప్పుడు నోరీమ్యాప్ రకం ఆదేశమే వాడాలి. మామూలు మ్యాప్ వాడితే, మనం రాసిన కీలను మళ్లీ ఇంకో మ్యాప్ అందుకుని, అది ఇంకోదాన్ని పిలిచి గొలుసు కడుతుంది. ఈమ్యాక్స్ అనే ఇంకో పాత ఎడిటర్‌ది నాకు చాలా నచ్చిన మర్యాద. కంట్రోల్+సి నొక్కి తర్వాత ఒక మామూలు అక్షరం నొక్కడం, ఎఫ్5 నుంచి ఎఫ్9 వరకు ఉన్న కీలు, ఇవి వాడుకరికే వదిలేయాలని ప్యాకేజీలు రాసేవాళ్లకు ఒక నియమం ఉంది. ఊరి ఉమ్మడి స్థలంలా ఆ చోటు ఖాళీగా ఉంచుతారు. వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్లకూ అలాంటి కట్టుబాటు ఒకటి ఉంటే సగం తగవులు ఉండేవి కావని గట్టిగా అనిపిస్తుంది.

ఏం మార్చుకోవాలి అని పిల్లలు అడుగుతుంటారు. నేను చెప్పేది, అసలు ఏ షార్ట్‌కట్టూ లేని పనులతో మొదలుపెట్టమని. లైన్లను అక్షర క్రమంలో పేర్చే కమాండ్‌కి, అక్షరాలను పెద్దవిగా మార్చే కమాండ్‌కి వీఎస్ కోడ్‌లో ముందుగా ఏ కీ కేటాయించి లేదు. అవి రోజూ వాడేవాళ్లు కీ పెట్టుకుంటే ఎవరితోనూ తగవు లేదు. టెర్మినల్‌లో పదే పదే కొట్టే కమాండ్‌ని ఒకే కీతో పంపే సౌకర్యం కూడా ఉంది, పంపాల్సిన వాక్యాన్ని ఆర్గ్స్‌లో రాస్తే చాలు. కాపీ, పేస్ట్, అన్‌డూ, సేవ్, ఫైండ్ జోలికి మాత్రం వెళ్లకూడదు. కాలేజీ ల్యాబ్‌లోనో, ఇంటర్వ్యూలోనో, రుషికొండ ఆఫీసులో పక్కవాళ్ల సిస్టమ్ ముందో కూర్చున్నప్పుడు చేతులు తడబడేది అక్కడే. ఒకేసారి పది మార్చినా లాభం లేదు. ఒకటి మార్చి, చెయ్యి దానికి అలవాటయ్యాక రెండోది.

ఏదైనా కీ పనిచేయకపోతే ముందు కమాండ్ ప్యాలెట్ తెరవాలి, కంట్రోల్+షిఫ్ట్+పి. అందులో కీబోర్డ్ షార్ట్‌కట్స్ ట్రబుల్‌షూటింగ్ అని వెతికి ఆన్ చేస్తే, నొక్కిన ప్రతి కీ ఎడిటర్‌కి ఎలా అందిందో, ఏ నియమం దాన్ని పట్టుకుందో లాగ్‌లో రాస్తుంది. లాగ్‌లో అసలు ఏమీ పడకపోతే దారిలో ఎవరో తీసుకున్నారని అర్థం. షార్ట్‌కట్ల జాబితాలో ఒక వరుస మీద రైట్ క్లిక్ చేసి, అదే కీ వాడుతున్న మిగతా నియమాలను చూపించమని కూడా అడగవచ్చు. మావాడికి ఈ పని చేయించాను. కంట్రోల్+కె దగ్గర వాడు రాసిన నియమంలో వెన్ గడి ఖాళీగా కనిపించింది. టెర్మినల్‌ఫోకస్, అంటే కర్సర్ టెర్మినల్‌లో ఉంటే, అని ఆ గడిలో రాశాడు. కోడ్ మీదకి వెళ్లి కంట్రోల్+కె, కంట్రోల్+సి నొక్కాడు. నాలుగు లైన్లూ కామెంట్ అయ్యాయి.

కాసేపు అటూ ఇటూ నొక్కి చూశాడు. "మావయ్యా, టెర్మినల్‌లో ఉన్నప్పుడు మాత్రం షార్ట్‌కట్ల జాబితా ఇంకా రాదు కదా?" అన్నాడు.

రాదు. అక్కడ ఆ తలుపు ఇంకా మూసే ఉంది. వాడు వాడేది బాష్. అక్కడ కంట్రోల్+కెకి సొంత పని ఒకటి ఉన్నా, అది రెండంచెల తలుపు కాబట్టి వాడి నియమం లేకపోయినా మామూలుగా వీఎస్ కోడే ముందు అందుకుంటుంది. బాష్‌లో కంట్రోల్+కె అంటే కర్సర్ నుంచి లైన్ చివరిదాకా ఉన్నదాన్ని కత్తిరించడం. అదీ చెప్పాను. టెర్మినల్ తెర ఖాళీ చేయడానికి బాష్‌లో కంట్రోల్+ఎల్ మొదటి నుంచీ ఉందని కూడా చెప్పాను. నొక్కి చూశాడు. తెర ఖాళీ అయింది. పైకి స్క్రోల్ చేస్తే పాత ఎర్రర్ మెసేజ్‌లు అలాగే ఉన్నాయి. వీఎస్ కోడ్ సొంత క్లియర్ కమాండ్ వాటిని కూడా చెరిపేస్తుంది.

"అయితే నాకు కావలసింది ఇదే" అని కీబైండింగ్స్ ఫైల్ తెరిచి, తను రాసిన నియమం తీసేశాడు. ఫైల్‌లో రెండు చదరపు బ్రాకెట్లు మిగిలాయి. సేవ్ చేసి, రివ్యూలో చూపించాల్సిన బిల్లు పేజీ తెరిచాడు.